మొదట మన మీదే

"పెట్టె ఏ రంగు మేడమ్?" తెర వెనక నుంచి అడిగింది రుఖియా.

"మట్టిరంగు అట్టపెట్టె. పైన నీలం అక్షరాలు. సెంట్రిఫ్యూజ్ యంత్రం వచ్చిన పెట్టె."

"లోపల ఏం పరిచారు?"

"మా అమ్మ పాత నేతచీర. దాని కింద ప్రయోగశాల దూది."

"పాపకి అప్పుడు ఎన్నో నెల?"

"మూడు వెళ్ళి నాలుగు."

"మీరు పక్కగదికి వెళ్ళొచ్చేసరికి పెట్టె ఖాళీగా ఉంది. పాపని ఎవరు తీశారు?"

"పేరిందేవి మేడమ్. చేతులకి గ్లవ్స్ ఉన్నాయని మోచేతులతో ఎత్తుకున్నారు."

రుఖియా తెర పక్కకి జరిపి బయటికొచ్చింది. ఎలక్ట్రానిక్స్ చదివిన పిల్ల. సంతోషమొస్తే ఒకచోట నిలబడలేదు. "ఒక్కటి కూడా తప్పు పోలేదు మేడమ్! జ్ఞాపకం అంతా అచ్చులోకి వచ్చేసింది, మీ దగ్గరా చెక్కుచెదరకుండా ఉంది. ఇంక పేరిందేవి మేడమ్‌ని కూర్చోబెట్టేయొచ్చు!"

"కూర్చోబెడదాం," అంది మృణాళిని. పదకొండేళ్ళు ఆ యంత్రం కోసమే బతికిన మనిషి. ఆ మాట వినగానే ఎగిరి గంతెయ్యాలి. కనీసం కుర్చీలో వెనక్కి వాలి ఒక నిట్టూర్పైనా విడవాలి. ఆవిడ మాత్రం తల మీది టోపీ తీసి బల్ల మీద పెట్టి, క్యారేజీలో ఏం కూర తెచ్చుకుందో గుర్తు చేసుకుంది. బెండకాయ.

ఇక్కడ వీళ్ళ సమాజం సంగతి చెప్పాలి, లేకపోతే ఈ హడావుడంతా ఎందుకో తెలియదు. వాల్తేరులో సముద్రం కనిపించే ఎత్తు మీద ఉన్న ఆ పరిశోధనాలయంలో ఒకప్పుడు ఐదుగురే ఆడవాళ్ళు పనిచేసేవారు. ఐదుగురికీ కలిపి ఒక మరుగుదొడ్డి కూడా లేదు. ఆడవాళ్ళు శాస్త్రజ్ఞులవుతారన్న సంగతి కట్టించిన మహానుభావుడికి కలలో కూడా తట్టలేదు కాబోలు. రోజూ మధ్యాహ్నం భోజనాలయ్యాక ఐదుగురూ ఒక్క గొడుగు కింద తలలు దూర్చి, రోడ్డు దాటి, ఆసుపత్రి నర్సుల క్వార్టర్స్ దాకా వెళ్ళొచ్చేవారు. రానూ పోనూ కబుర్లు. ఎవరి ప్రయోగం ఎందుకు చెడింది, ఎవరు చేసిన పని మీద ఎవరి పేరు పడింది, ఎవరికి పెళ్ళైందని ప్రమోషన్ ఆపేశారు. ఆ నడకలో పుట్టింది శాస్త్ర మహిళా సమాజం. దాని ముద్ర మీద సూక్ష్మదర్శిని ఉండదు, గొడుగు ఉంటుంది. ఊళ్ళో అందరూ గొడుగు సమాజం అనే అంటారు. మరుగుదొడ్లు కట్టి ముప్పై ఏళ్ళు దాటినా, స్థాపన దినం నాడు సభ్యులంతా అదే దారిన గొడుగులేసుకుని నడిచి రావడం ఆనవాయితీ. ఆ రోజు వానా ఉండదు, ఒక్కోసారి ఎండా ఉండదు. అయినా గొడుగులు మాత్రం తియ్యాల్సిందే.

ఆ ఐదుగురిలో ఒకామె ఎస్తేరు, రసాయన శాస్త్రజ్ఞురాలు. ఆమెకి ఇచ్చిన గదిలో గాలి బయటికి లాగే ఫ్యాను లేదు. ఒక కొత్త ద్రావకం మనిషికి ఏం చేస్తుందో ఎవరూ చూడలేదు, చూడకుండానే ఆమె చేతిలో పెట్టారు. ఎస్తేరు ఆ నర్సుల క్వార్టర్స్ దారిలోనే కుప్పకూలి ప్రాణం విడిచింది. మిగిలిన నలుగురూ ఏడుపు దిగమింగుకుని ఒక నియమం పెట్టుకున్నారు. మనిషిని తాకే ప్రయోగం ఏదైనా సరే, పరాయివాళ్ళ మీద చెయ్యకముందు మన మీద మనం చేసుకుని చూడాలి. మొదట మన మీదే. ఈ నియమం తెలియని సభ్యురాలు లేదు. సందు దొరికినప్పుడల్లా మగవాళ్ళ మొహాన కొట్టడానికి కూడా అది బాగా పనికొచ్చేది.

ఇప్పుడు వజ్రోత్సవం. సమాజం చరిత్ర రాయాలని ఇదివరకు రెండుసార్లు పూనుకున్నారు. రెండుసార్లూ అధ్యక్షురాళ్ళ పేర్లూ దండలేసుకున్న ఫోటోలే మిగిలాయి. ఈసారి కాగితం వద్దంది మృణాళిని. తన యంత్రం ఉందిగా. మనిషి ఒక విషయాన్ని మనసారా గుర్తు తెచ్చుకుంటున్నప్పుడు ఆ జ్ఞాపకం వేడి చేసిన బెల్లంలా కాసేపు పాకం అవుతుంది. మళ్ళీ గట్టిపడేలోగా దాని అచ్చు తీసుకోవాలి. ఆ అచ్చుని టోపీలో ఎక్కించి ఎవరు తల మీద పెట్టుకున్నా, కళ్ళు తెరిచి ఉండగానే ఆ రోజు, ఆ గది, ఆ వాసన, ఆ గుండెదడ అన్నీ తమవే అవుతాయి. చరిత్ర చదవక్కర్లేదు, ఎవరికి వాళ్ళు అనుభవించొచ్చు.

ఐదుగురిలో మిగిలింది పేరిందేవి ఒక్కతే. ఎనభై ఐదేళ్ళు. ఎస్తేరు పోయిన రోజు ఆవిడ దగ్గర తప్ప ఇంకెక్కడా లేదు. స్థాపన దినం నాడు నడకకి ముందు ఆ అచ్చు తియ్యాలని నిశ్చయించారు. నియమం ప్రకారం మొదట మృణాళిని కూర్చుంది. తన వంతుగా పెట్టె కథ ఇచ్చింది. శిశుగృహం లేని రోజుల్లో చంటిదాన్ని అట్టపెట్టెలో పెట్టి బల్ల కింద దాచుకుని పనిచేసిన ఆ నెలలూ, సభ్యులు వంతులేసుకుని పాపని కాయడమూ, ఆ పెట్టెని డైరెక్టరు బల్ల మీద పెట్టి శిశుగృహం సాధించడమూ సమాజం చరిత్రలో అందరూ గర్వంగా చెప్పుకునే ఘట్టం.

*

ఆ పెట్టెలో పాప లిఖిత. విజయవాడలో బధిర పిల్లలకి చదువు చెబుతుంది. పొద్దస్తమానం మొహాలు చూసి మనసులో మాట పట్టుకోవడమే ఆ పిల్ల పని. తండ్రి ఓడల మీద ఇంజనీరు, ఏడాదిలో సగం రోజులు నీళ్ళ మీదే ఉంటాడు. అంచేత ఇంట్లో తల్లిని పట్టి చూసేవాళ్ళు లేకపోయారు.

స్థాపన దినానికి ముందు రోజే లిఖిత పుట్టినరోజు. ఎంత పెద్దదైనా ఆ రోజు తల్లి చేత తలంటించుకోవడం, తలంటుతూ తల్లి పెట్టె కథ చెప్పడం ఆ ఇంట్లో మామూలు. లిఖిత పీట మీద కూర్చుంది. మృణాళిని నువ్వులనూనె వెచ్చచేసి తెచ్చింది, మాడు మీద పోసి అరచేత్తో మర్దించడం మొదలుపెట్టింది.

"ఊఁ, కానీ. నేను పెట్టెలో కాళ్ళు కొట్టుకుంటున్నాను. తర్వాత?" అంది లిఖిత కళ్ళు మూసుకుని.

మృణాళిని చెప్పింది. పెట్టె రంగు చెప్పింది, చీర చెప్పింది, దూది చెప్పింది. తనిఖీకి డైరెక్టరు వచ్చినప్పుడు పాప కేరుమంటే, తను దగ్గు నటిస్తూ పెట్టెని కాలితో లోపలికి తోసిన సంగతి చెప్పింది. ఆ చోట ఏటా తల్లికి నవ్వాగదు. ఈసారి నవ్వలేదు. లిఖిత ఒక కన్ను తెరిచింది.

"పక్కగదిలో రీడింగ్ తీసుకుని వచ్చాను. పెట్టె ఖాళీగా ఉంది. కారిడార్లోకి వెళ్ళాను. పేరిందేవి మేడమ్ చేతుల్లో ఉన్నావు," అంది మృణాళిని.

నూనె చేతులు అలాగే ఆడుతున్నాయి. 'పెట్టె ఖాళీగా ఉంది' అన్న మాట దగ్గర ప్రతి ఏడూ ఆ చేతులు ఆగిపోయేవి. కాసేపటికి గాని రెండో మాట వచ్చేది కాదు. చిన్నప్పుడు ఆ ఆగడం కోసమే కథ మళ్ళీ మళ్ళీ అడిగేది లిఖిత. తను కనిపించకపోతే అమ్మ ఊపిరి ఆగిపోతుందన్నది ఆ పిల్లకి అన్నంతో పాటు ఒంటబట్టిన విషయం.

"అమ్మా, ఆగలేదేం?"

"ఏమిటి ఆగలేదు?"

"నీ చేతులు." లిఖిత నూనె కారుతున్న తలతోనే వెనక్కి తిరిగింది. తల్లి మొహంలోకి చాలాసేపు చూసింది. "ఒంట్లో బాగోలేదా? నా మీద కోపమేమైనా వచ్చిందా?"

"కోపమేం లేదు. కుంకుడు రసం చల్లారిపోతుంది, తిరుగు."

"నా సంబంధం గురించి నిన్న రాత్రి ఫోన్లో చెప్పానా? వద్దనుకున్నాం, విడిపోయాం అన్నాను. నువ్వేమన్నావో గుర్తుందా?"

"సరే, రెండు ఇడ్లీ తిని పడుకో అన్నాను."

"గుర్తుందన్నమాట," అని లిఖిత మళ్ళీ అటు తిరిగిపోయింది. భుజాలు కదులుతున్నాయి. ఆ పిల్ల ఏడుస్తోందని మృణాళినికి తెలిసింది. దగ్గరికి తీసుకోవాలని కూడా తెలిసింది. ఎలా తీసుకోవాలో గుర్తు తెచ్చుకుని, చెయ్యి కడుక్కుని, భుజం మీద వేసింది. చెయ్యి బరువు చేతికి తెలిసిందే తప్ప లోపల ఏమీ కదల్లేదు.

*

ఆ మధ్యాహ్నం మృణాళిని వరండాలో కూర్చుని ఆలోచించింది. ఆలోచించే శక్తి మాత్రం ఎక్కడికీ పోలేదు. పిల్ల చెప్పింది నిజమైతే అచ్చు తీసినప్పుడు జ్ఞాపకం ఇక్కడే ఉండిపోయి, దాని రుచి అచ్చుతో పాటు వెళ్ళిపోతోందన్నమాట. ఆ నాలుగు నెలల్లో వేరు పట్టుకున్నదే కూతురి మీద ప్రేమంతా. ఆ వేరు కదిలితే పైన కొమ్మలు మాత్రం పచ్చగా ఎలా ఉంటాయి? మరి పరీక్షలో అది తేలలేదేం? తేలదు. పరీక్షలో రంగులడిగారు, నెలలడిగారు, పేర్లడిగారు. నీకెలా ఉందీ అని ఎవరూ అడగలేదు. లెక్కకి అందనిదాన్ని లెక్కలోకి తీసుకోకూడదని గొడుగు సమాజంలో అందరికన్నా గట్టిగా వాదించేది తనే.

ఇంకో సంగతి కూడా తట్టింది. ఎస్తేరు చావు మీద ఒట్టేసి పెట్టుకున్న ఆ నియమంలో ఒక చిల్లు ఉంది. మన మీద చేసుకుంటే దెబ్బ తగిలితే మనకి తెలుస్తుంది కదా అనుకున్నారు. తెలిసే చోటే దెబ్బ తగిలితే? మనసు మొద్దుబారినవాళ్ళని మొద్దుబారిందా అని అడిగితే లేదనే అంటారు, అబద్ధమాడకుండానే. ఈ ప్రయోగానికి తను సాక్షిగా పనికిరాదు.

రేపు పేరిందేవి ఆ కుర్చీలో కూర్చుంటుంది. ఇది తలచుకుంటే భయపడాలి. మృణాళిని కాసేపు భయం కోసం చూసింది. రాలేదు. రాకపోయినా చెయ్యాల్సింది చెయ్యాలి గనక లోపలికెళ్ళి లిఖితని లేపింది.

"రేపు నువ్వు నాతో ప్రయోగశాలకి రావాలి. నాలోంచి ఏం పోయిందో నాకు తెలియడం లేదు. నువ్వు చూసి చెప్పాలి," అంది.

*

స్థాపన దినం పొద్దున్నే ప్రయోగశాలలో నలుగురే ఉన్నారు. పేరిందేవి జరీ అంచు తెల్లచీరలో, ఒళ్ళో గొడుగు పెట్టుకుని కుర్చీలో సిద్ధంగా కూర్చుంది. రుఖియా టోపీ తీగలు సర్దుతోంది. బయట మైదానంలో గొడుగులతో జనం పోగవుతున్నారు.

"మేడమ్, మీకంటే ముందు మా అమ్మాయి కూర్చుంటుంది. నా అచ్చు చూస్తుంది," అంది మృణాళిని.

"అదేమిటి మేడమ్? పరీక్షలో నూటికి నూరొచ్చాయి కదా?" అంది రుఖియా.

"ఆ పరీక్ష నేనే పెట్టింది, నేనే రాసింది. కూర్చోనీ."

పేరిందేవి లేచి చోటిచ్చింది. లిఖిత కూర్చుంది. అదే గది. బల్ల కూడా అదే, దాని కింద ఇప్పుడు చెత్తబుట్ట ఉంది. రుఖియా మీట నొక్కింది.

కొంతసేపు లిఖిత ఊరికే చూస్తూ కూర్చుంది. తర్వాత చూపు బల్ల కిందకి దిగింది. మొహం మారింది. నవ్వింది, చంటిపిల్ల మూతి తుడుస్తున్నట్టు గాల్లో వేలు కదిలింది. ఉన్నట్టుండి కుర్చీ చేతులు గట్టిగా పట్టుకుని సగం లేచింది. పెట్టె ఖాళీ అయిన చోటుకొచ్చిందని అందరికీ తెలిసిపోయింది. ఊపిరి తీసుకోవడం లేదు. రుఖియా కంగారుగా మీట మీద చెయ్యి వేసేలోగా ఒక్కసారి గట్టిగా శ్వాస పీల్చి, రెండు చేతులూ చాచి, ఏమీ లేని గాలిని గుండెకి హత్తుకుంది.

టోపీ తీశాక కూడా ఆ పిల్ల ఏడుపు ఆగలేదు. వెక్కుతూనే తల్లి వైపు తిరిగింది. "అమ్మా, ఇంత ఇష్టమా నేనంటే? ఇంతుంటుందని నాకెప్పుడూ తెలీదమ్మా. నాకు ఛాతీ నొప్పొస్తోంది. ఇదంతా నీలో ఉండేదా?"

"ఉండేది," అంది మృణాళిని. జేబురుమాలు తీసి అందించింది.

పేరిందేవి పిల్లని చూడలేదు. రుమాలు అందించిన చేతినే చూస్తోంది. "మృణాళినీ, ఆ పెట్టె ఖాళీగా కనపడ్డ రోజు నువ్వు కారిడార్లో నా మీద పడిపోయావు, ఎరుగుదువా? పాపతో సహా నన్ను వాటేసుకుని అరిచేశావు. నా కళ్ళజోడు విరిగింది."

"గుర్తుంది మేడమ్. నల్ల ఫ్రేము."

"ఫ్రేము సంగతి కాదమ్మాయ్ నేనడిగేది."

మృణాళినికి ఆ ముసలావిడ అడిగేది ఏమిటో తెలుసు. దానికి జవాబు ఉండాల్సిన చోటు కూడా తెలుసు. అక్కడ చెయ్యి పెడితే ఏమీ తగలడం లేదు. "లేదు మేడమ్. మీరు కూర్చోకండి. అది చెప్పడానికే పిల్లని తీసుకొచ్చాను," అంది.

రుఖియా మొహం పాలిపోయింది. పేరిందేవి తర్వాత ఆ కుర్చీలో కూర్చునే వంతు తనదే. "తిరిగి ఎక్కించేద్దాం మేడమ్! అచ్చు మన దగ్గరే ఉందిగా!"

"టోపీ పెట్టుకున్నంతసేపూ ఉంటుంది. తీస్తే పోతుంది. అచ్చుని చూపించడం తెలుసు గానీ తిరిగి పోసే దారి మనం కనిపెట్టలేదు రుఖియా."

అందరూ పేరిందేవి వైపు చూశారు. ఆవిడ ఆ కుర్చీని ఎంతో ఆశగా ఒప్పుకున్న మనిషి. అరవై ఏళ్ళు మోసిన బరువు దించుకోవచ్చని కూడా అనుకుని ఉండొచ్చు. గొడుగు మొనతో నేల మీద రెండుసార్లు కొట్టింది.

"నాకు రాత్రుళ్ళు నిద్రలేకుండా చేస్తుందమ్మా ఆ ఎస్తేరు. పోతే పీడా పోయె అని ఎన్నిసార్లనుకున్నానో. ఇప్పుడు నిన్ను చూస్తుంటే తెలుస్తోంది. దానికి నేను తప్ప ఏడ్చేవాళ్ళెవరూ మిగల్లేదు. నా దగ్గరే ఉండనీ. చరిత్ర కావాలంటే నోటితో చెబుతాను. ఎంతొస్తే అంత," అని తలుపు వైపు నడిచింది.

నడక మొదలైంది. రంగురంగుల గొడుగులు రోడ్డు దాటాయి. ఆసుపత్రి గోడ మలుపు దగ్గర పేరిందేవి ఆగిపోతే, వెనక వస్తున్న వాళ్ళంతా చుట్టూ మూగారు. మైకు లేదు. రుఖియా తన ఫోను పైకెత్తి పట్టుకుంది.

"మా ఐదుగురిలో ఎస్తేరే పొడుగు. గొడుగు ఎప్పుడూ దాని చేతిలోనే ఉండేది," అంది పేరిందేవి. "ఆ రోజు ఇక్కడికొచ్చాక, 'పేరీ, చెయ్యి తిమ్మిరెక్కింది, కాస్త పట్టుకో' అంది. పట్టుకున్నాను. వారం నుంచీ తిమ్మిరి తిమ్మిరి అంటూనే ఉంది. నొప్పి అని ఉంటే నలుగురం నాలుగు వైపులా పరిగెత్తి ఉందుము. తిమ్మిరి అంది. తిమ్మిరికి ఎవరు పరిగెడతారు?" అక్కడ ఆవిడ ఆగింది. మళ్ళీ మొదలుపెట్టి, మళ్ళీ ఆగి, నాలుగు మాటలకోసారి కళ్ళు తుడుచుకుంటూ చెప్పింది. వరస తప్పింది, ఒకచోట తేదీ కూడా తప్పింది. గొడుగుల కింద ఆడవాళ్ళు ఏడుస్తున్నారు. సమాజం చరిత్రలో మొదటి అధ్యాయం అలా నడిరోడ్డు మీద తయారైంది.

మృణాళిని శ్రద్ధగా విన్నది. తేదీ తప్పిన చోటు గమనించింది. అందరూ చప్పట్లు కొట్టినప్పుడు తనూ కొట్టింది.

వజ్రోత్సవ సభలో నియమానికి ఒక ముక్క కలిపారు. తీర్మానం పెట్టింది పేరిందేవి, బలపరిచింది మృణాళిని. మొదట మన మీదే, అయితే మనల్ని ఎరిగినవాళ్ళు ఒకరు పక్కన ఉండి చూస్తుండగా. యంత్రంతో కొత్త అచ్చులు తియ్యకూడదని కూడా రాసుకున్నారు. పాత అచ్చు ఒక్కటే మిగిలింది.

*

లిఖిత వాల్తేరులో ఉద్యోగం చూసుకుని వచ్చేసింది. ఆదివారం ఆదివారం తల్లిని ప్రయోగశాలకి తీసుకెళుతుంది. టోపీ పెట్టగా పెట్టగా ఎప్పటికైనా కొంత అంటుకుంటుందేమోనని రుఖియా ఆశ. మృణాళినికి ఆశ లేదు, అభ్యంతరమూ లేదు. పిల్ల అడిగింది గనక కూర్చుంటుంది.

మొదటి ఆదివారం లిఖిత కుర్చీ ముందు నిలబడింది. అమ్మ కళ్ళలో అది నిండేటప్పుడు ఎదురుగా తను ఉండాలని ఆ పిల్ల కోరిక. రుఖియా మీట నొక్కింది. మృణాళిని మొహం మెల్లగా వెలిగింది. కళ్ళ చివర ముడతలు పడ్డాయి, ఎన్ని నెలలకో మళ్ళీ ఆ నవ్వు వచ్చింది. ఆ చూపు బల్ల కింద చెత్తబుట్ట ఉన్న చోట ఆనింది.

లిఖిత ఆగలేకపోయింది. ముందుకొచ్చి తల్లి చెయ్యి పట్టుకుంది. "అమ్మా!"

మృణాళిని తలెత్తి చూసింది. ఎదురుగా ఎవరో ఎదిగిన అమ్మాయి, ఏదో పని మీద వచ్చినట్టుంది. చెయ్యి మృదువుగా విడిపించుకుని, పెదాల మీద వేలు పెట్టుకుంది.

"ష్... మెల్లగా మాట్లాడమ్మా. పాప ఇప్పుడే పడుకుంది."

"సరేనండీ, లేపను," అంది లిఖిత. అని బల్ల దగ్గరికెళ్ళి, చెత్తబుట్ట పక్కకి జరిపి, చప్పుడు చెయ్యకుండా ఆ చోట్లో ముడుచుకుని కూర్చుంది.